పాటల పేర్లలో సంఖ్యలు

జనాదరణ పొందిన పాట పేరులో అంకెల్లోనో అక్షరాల్లోనో సంఖ్య ఉండడం అమెరికా, బ్రిటన్ సంగీత రంగాల్లో బాగా పాతుకుపోయిన పద్ధతి. వయసు, సంవత్సరం, గడియారం వేళ, ఫోన్ నంబరు, రోడ్డు నంబరు, బరువు, దూరం, వరస సంఖ్య వంటివి ఈ పేర్లలో కనిపిస్తాయి. పాట పేరులోని సంఖ్య లెక్క చెప్పడానికి వచ్చేది తక్కువ. శ్రోతలందరికీ తెలిసిన ఒక కొలమానం మీద పాటను ఫలానా చోట నిలిపి, దానికి ఆనవాలుగా ఉండడమే దాని ప్రధానమైన పని. ఈ వ్యాసం ఆ పద్ధతి నిర్వచనం, చరిత్ర, రకాలు, పనితీరు, దానిపై వచ్చే అభ్యంతరాలు, భారతీయ సినిమా పాటతో దాని సంబంధం అనే వరసలో సాగుతుంది.

నిర్వచనం, పరిధి

ఇక్కడ ‘హిట్’ అంటే అమ్మకాలను, రేడియో ప్రసారాలను బట్టి తయారయ్యే జనాదరణ పట్టికల్లో చోటు దక్కించుకున్న పాట, లేదా అలాంటి పట్టికలు లేని కాలంలో, ప్రాంతాల్లో విస్తృతంగా ప్రచారం పొందిన పాట. బ్రిటన్‌లో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రిక 1952 నవంబరులో ఇలాంటి పట్టిక ప్రచురించడం మొదలుపెట్టింది. అమెరికాలో ‘బిల్‌బోర్డ్’ పత్రిక ‘హాట్ 100’ పట్టిక 1958 ఆగస్టు 4న ఆరంభమైంది. సంఖ్య పాటలో ఉండి పేరులో లేకపోతే ఆ పాట ఈ వర్గంలోకి రాదు. బిల్ హేలీ బృందం 1954లో రికార్డు చేసిన ‘రాక్ అరౌండ్ ద క్లాక్’లో గడియారం గంటల లెక్క వినిపిస్తుంది గానీ పేరులో సంఖ్య లేదు. యూ2, యూబీ40, బ్లింక్-182 వంటి బృందాల పేర్లు, అడెల్ ‘19’, ‘21’, ‘25’, ‘30’ వంటి ఆల్బమ్ పేర్లు దగ్గరి విషయాలే అయినా ఈ వ్యాసం పరిధిలోకి రావు. ‘వన్’ అనే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. క్వీన్ బృందం ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ (1980)లో అది సర్వనామం. హ్యారీ నిల్సన్ 1968లో రాసి పాడిన ‘వన్’లో అది నిజంగానే సంఖ్య. 1969లో త్రీ డాగ్ నైట్ బృందం పాడినప్పుడు ఆ పాట హాట్ 100లో 5వ స్థానానికి చేరింది.

చరిత్ర

ఈ పద్ధతికి మూలాలు జానపదుల లెక్కింపు పాటల్లో ఉన్నాయి. చరణం చరణానికీ ఒక్కో కానుక పెరుగుతూ పోయే ‘ద ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’ సుమారు 1780లో ఇంగ్లండ్‌లో అచ్చయింది. అలాంటి పాటల్లో సంఖ్య జ్ఞాపకానికి ఊతం. పాడేవాడు వరస తప్పకుండా అది కాపాడుతుంది. 20వ శతాబ్దంలో రికార్డుల వ్యాపారం పెరిగాక సంఖ్య పాట లోపలి నుంచి పేరులోకి వచ్చింది. పాల్ వైట్‌మన్ వాద్యబృందం 1922లో ప్రచారంలోకి తెచ్చిన ‘త్రీ ఓక్లాక్ ఇన్ ద మార్నింగ్’, 1925లో బ్రాడ్‌వేకి వచ్చిన ‘నో, నో, నానెట్’ సంగీత నాటకంలోని ‘టీ ఫర్ టూ’ ఆ దశకు చెందినవి.

రెండో ప్రపంచ యుద్ధం ముందూ వెనుకా అమెరికా జీవితంలో కొత్తగా నంబర్లు పడిన వస్తువులు పాటల పేర్లలోకి చేరాయి. గ్లెన్ మిల్లర్ వాద్యబృందం 1940లో రికార్డు చేసిన ‘పెన్సిల్వేనియా 6-5000’ న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా హోటల్ ఫోన్ నంబరు. బాబీ ట్రూప్ రాయగా నాట్ కింగ్ కోల్ 1946లో పాడిన ‘రూట్ 66’ షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సాగే రహదారి సంఖ్య. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ రికార్డు చేసిన ‘రాకెట్ 88’ ఓల్డ్స్‌మొబైల్ కారు పేరు నుంచి వచ్చింది. ఆ పాటను తొలి రాక్ అండ్ రోల్ రికార్డుగా లెక్కించేవారు ఉన్నారు. బీచ్ బాయ్స్ ‘409’ (1962) షెవర్లే కారు ఇంజన్ పరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో చెప్పే అంకె. ఇలా రోడ్లు, ఫోన్లు, కార్లు తెచ్చిన నంబర్లే ఆ పాటలకు పేర్లు పెట్టాయి.

వయసు అంకెలు

సంఖ్య ఉన్న పేర్లలో వయసు చెప్పేవి ఒక స్పష్టమైన వర్గం. చక్ బెర్రీ ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’ (1958), శామ్ కుక్ ‘ఓన్లీ సిక్స్‌టీన్’ (1959), జానిస్ ఇయన్ ‘ఎట్ సెవెంటీన్’ (1975), ఆలిస్ కూపర్ బృందం ‘ఐయామ్ ఎయిటీన్’, టేలర్ స్విఫ్ట్ ‘ఫిఫ్టీన్’, ‘22’ దీనికి ఉదాహరణలు. ఈ వయసులు ఎక్కువగా బాల్యానికీ పెద్దరికానికీ మధ్య గడప దగ్గర ఉంటాయి. ఆ వయసువాళ్లే పాప్ రికార్డులకు ప్రధాన కొనుగోలుదారులు కావడం దీనికి ఒక కారణం. గడపకు అవతలి వైపు ఉన్న ఉదాహరణ బీటిల్స్ ‘వెన్ అయామ్ సిక్స్‌టీ ఫోర్’ (1967). పాల్ మెకార్ట్నీ ఆ పాట స్వరాన్ని కౌమారంలోనే కట్టాడు. యువకుడు ఊహించగల ముసలితనానికి 64 అక్కడ గుర్తు.

పాల్ హార్డ్‌కాసిల్ ‘19’ (1985) ఈ వర్గంలో వేరుగా నిలుస్తుంది. వియత్నాం యుద్ధంలో పోరాడిన అమెరికా సైనికుల సగటు వయసు 19 అనే మాట మీద ఈ పాట నడుస్తుంది. ఒక టీవీ డాక్యుమెంటరీలోని వ్యాఖ్యానాన్ని ముక్కలు చేసి, ఆ అంకెను తడబడుతున్నట్టు మళ్లీ మళ్లీ వినిపించడం ఇందులోని పద్ధతి. ఇది బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ సగటు సరైనది కాదన్న విమర్శ తర్వాత వచ్చింది. అయినా పాట ఉద్దేశం చెడలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రవాణ్ని యుద్ధానికి పంపడం గురించి వినేవారు ఆలోచిస్తారు. సగటును లెక్కవేయరు.

సంవత్సరాలు, వేళలు

సంవత్సరం పేరైన పాట జ్ఞాపకం వైపో భవిష్యత్తు వైపో చూస్తుంది. ఫోర్ సీజన్స్ ‘డిసెంబర్, 1963’ 1976 మార్చిలో హాట్ 100లో మొదటి స్థానం పొందింది. మొదట దాన్ని అమెరికాలో మద్యనిషేధం రద్దయిన 1933 డిసెంబరు 5 గురించి రాయాలనుకున్నారు. ఆ ఏడాది 1963గా మారడంతో చారిత్రక ఘటన పోయి, 1970ల శ్రోతలు తమ యవ్వనాన్ని గుర్తుచేసుకోగల కాలం వచ్చింది. బ్రయన్ ఆడమ్స్ ‘సమ్మర్ ఆఫ్ 69’ది కూడా ఇదే దారి. 1959 నవంబరులో పుట్టిన ఆడమ్స్‌కు ఆ వేసవిలో ఇంకా పదేళ్లు నిండలేదు. పాటకు మొదట అనుకున్న పేరులో సంఖ్య లేదు. అందులోని 69 సంవత్సరం కాదని ఆడమ్స్, సంవత్సరమేనని సహరచయిత జిమ్ వాలెన్స్ చెప్పారు. రాసిన ఇద్దరి మాటల మధ్యే పొంతన కుదరకపోయినా శ్రోతలకు పాట ఆనవాలు మాత్రం ఒక్కటే.

భవిష్యత్తు వైపు చూసిన పాటల్లో జేగర్, ఎవన్స్ జంట ‘ఇన్ ద ఇయర్ 2525’ ప్రసిద్ధం. యంత్రాల చేతిలో మనిషి ఏమవుతాడన్న భయం దీని విషయం. ఈ జంట పాట 1969 జులైలో అమెరికాలో మొదటి స్థానానికి వచ్చి ఆరు వారాలు అక్కడే ఉంది. జులై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగిన రోజున కూడా అదే పై స్థానంలో ఉంది. ప్రిన్స్ 1982లో విడుదల చేసిన ‘1999’ ఆ సంవత్సరం రాగానే మళ్లీ పట్టికలోకి వచ్చింది. క్యాలెండరే ఒక పాటకు మళ్లీ ప్రచారం చేసిన అరుదైన సందర్భం అది.

వేళలు చెప్పే పేర్లలో షికాగో బృందం ‘25 ఆర్ 6 టు 4’ (1970) చాలామందిని తికమకపెట్టింది. మాదకద్రవ్యాల సంకేతమని కొందరు అనుమానించారు. తెల్లవారుజామున నాలుగు కావడానికి 25 లేక 26 నిమిషాలుందని, పాట రాయలేక అవస్థపడుతున్న వేళ అదేనని రచయిత రాబర్ట్ లామ్ వివరించాడు. డాలీ పార్టన్ అదే పేరుగల సినిమా కోసం రాసిన ‘9 టు 5’ (1980)లోని సంఖ్యలు ఆఫీసు పనివేళలు. 1981లో మొదటి స్థానం పొందిన ఆ పాటలో టైప్‌రైటర్ చప్పుడు వినిపిస్తుంది. తన పొడవాటి గోళ్లను ఒకదానితో ఒకటి రాసి పార్టన్ ఆ లయ పుట్టించింది.

ఫోన్ నంబర్లు

ఫోన్ నంబర్ల పేర్లను వరసగా పెడితే అమెరికా టెలిఫోన్ వ్యవస్థ మార్పే కనబడుతుంది. తొలినాళ్లలో నంబరుకు ముందు ఎక్స్ఛేంజి పేరు ఉండేది. ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలను డయల్ మీద అంకెలుగా తిప్పేవారు. ‘పెన్సిల్వేనియా 6-5000’ అంటే డయల్ మీద 736-5000. మార్వెలెట్స్ బృందం 1962లో పాడిన ‘బీచ్‌వుడ్ 4-5789’ కూడా ఆ పద్ధతిదే. ఎక్స్ఛేంజి పేర్లు తొలగిపోయి అంతా అంకెలే అవుతున్న దశలో, 1966లో, విల్సన్ పికెట్ ‘634-5789’ వచ్చింది. చివరి అయిదు అంకెలు మార్వెలెట్స్ పాటలోవే. టామీ టూటోన్ బృందం ‘867-5309/జెన్నీ’ 1982లో 4వ స్థానానికి చేరాక, వేర్వేరు ప్రాంతాల్లో నిజంగా ఆ నంబరున్న చందాదారులకు జెన్నీ కోసం ఫోన్లు వచ్చిపడ్డాయి. పేరులోని సంఖ్య ఎంత గట్టి ఆనవాలో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

కొలతలు

బరువు, దూరం, ఎత్తు చెప్పే పేర్లలో సంఖ్య శ్రమకో ఎడబాటుకో కొలత అవుతుంది. మెర్ల్ ట్రావిస్ 1946లో రికార్డు చేసిన ‘సిక్స్‌టీన్ టన్స్’ను టెనెసీ ఎర్నీ ఫోర్డ్ 1955లో పాడగా అది మొదటి స్థానానికి వెళ్లింది. కెంటకీ బొగ్గుగనుల కార్మికుడు ఎంత బొగ్గు తవ్వి ఎత్తినా కంపెనీ దుకాణం అప్పు తీరదన్నది దాని సారం. ప్రొక్లెయిమర్స్ ‘అయామ్ గోనా బీ (500 మైల్స్)’ 1988లో విడుదలై, 1993లో ఒక సినిమా ద్వారా అమెరికాలో 3వ స్థానానికి వచ్చింది. బర్డ్స్ బృందం ‘ఎయిట్ మైల్స్ హై’ (1966) విమాన ప్రయాణాన్ని సూచిస్తుంది. ప్రయాణికుల విమానాలు మామూలుగా ఎగిరేది ఆరేడు మైళ్ల ఎత్తున. ఎనిమిది అంటే మరింత బాగా పలుకుతుందని ఆ అంకె ఎంచుకున్నారు. మాదకద్రవ్యాల పాటన్న అనుమానంతో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని ఆపేశాయి.

వరస సంఖ్యలు, లెక్కింపు పేర్లు

శాస్త్రీయ సంగీతంలో సింఫనీలకు నంబరు వేసినట్టే కొన్ని పాటలకు వరస సంఖ్యలున్నాయి. పెరెజ్ ప్రాడో మాంబో స్వరరచనల్లో ఒకటైన ‘మాంబో నం. 5’ను ఆధారం చేసుకుని 1999లో లూ బేగా పాడిన పాట అనేక దేశాల్లో హిట్టయింది. లైబర్, స్టోలర్ జంట రాసిన ‘లవ్ పోషన్ నం. 9’ (1959)లో సంఖ్య ఒక మందు పేరులో భాగం. బాబ్ డిలన్ ‘రెయినీ డే విమెన్ #12 & 35’ (1966)లో ఆ రెండు సంఖ్యలూ పాటలో ఎక్కడా రావు. డేవ్ బ్రూబెక్ బృందానికి పాల్ డెస్మండ్ కూర్చిన ‘టేక్ ఫైవ్’ (1959)లో అయిదు అంటే తాళంలోని అయిదు మాత్రలు. పేరులోని సంఖ్య పాట నిర్మాణాన్నే చెప్పే ఉదాహరణలు తక్కువ. వాటిలో ఇది ముఖ్యమైనది. అంకెలు వరసగా పలికే పేర్లలో మాన్‌ఫ్రెడ్ మన్ ‘5-4-3-2-1’ (1964), లెన్ బ్యారీ ‘1-2-3’ (1965), 2007లో ఐపాడ్ ప్రకటన ద్వారా ప్రచారమైన ఫైస్ట్ ‘1234’ చెప్పుకోదగ్గవి.

సంఖ్య పనిచేసే తీరు

పై ఉదాహరణలను కలిపి చూస్తే సంఖ్య నిజమైన లెక్కగా నిలిచిన సందర్భాలు కొద్ది. పాల్ సైమన్ ‘50 వేస్ టు లీవ్ యువర్ లవర్’ (1975) పేరులో యాభై ఉపాయాలున్నా పల్లవిలో చెప్పేవి అయిదే. ‘96 టియర్స్’ (1966)లో కన్నీటి చుక్కలను ఎవరూ లెక్కపెట్టలేదు. బీటిల్స్ ‘ఎయిట్ డేస్ ఎ వీక్’ పేరు వారంలో లేని రోజును కలుపుతుంది. వీటిలో సంఖ్య పరిమాణం వదిలేసి విశేషనామం అయింది. ‘చాలా దూరం’ అనే మాట ఏ పాటకైనా సరిపోతుంది. ‘500 మైళ్లు’ అనేది కొద్ది పాటలకే అతుక్కుంటుంది. కచ్చితత్వం ఇక్కడ నిజానికి హామీ కాదు, గుర్తింపుకు సాధనం. ఆ కచ్చితమైన అంకె శ్రోతకు ముందే తెలిసిన కొలమానం మీద ఉంటే గుర్తింపు తేలిక. అలా కాని 96 వంటి సంఖ్యకు అర్థం ఇవ్వాల్సిన బాధ్యత మొత్తం పాటదే.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం శబ్దానికి సంబంధించినది: సంఖ్యలను లయకు, ప్రాసకు తగ్గట్టు ఎంచుకుంటారు తప్ప వాటి అర్థంతో పనిలేదు అన్నది. దీనిలో నిజముంది. ‘ఎయిట్ మైల్స్ హై’ చరిత్ర దానికి సాక్ష్యం. ‘ఇన్ ద ఇయర్ 2525’లో 6565 వరకు 1010 చొప్పున పెరిగిన సంవత్సరం ఆ తర్వాత 7510కి వెళ్లి ఆ క్రమం తప్పుతుంది. కానీ శబ్దమే సర్వస్వమైతే పాట వేరే భాషలోకి వెళ్లినప్పుడు సంఖ్య మారిపోవాలి. జర్మన్ బృందం నేనా 1983లో విడుదల చేసిన ‘99 లుఫ్ట్‌బలోన్స్’ జర్మన్‌లోనే అమెరికాలో 2వ స్థానానికి వచ్చింది. దాని ఇంగ్లీషు రూపం ‘99 రెడ్ బలూన్స్’ 1984లో బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. 99 అనే మాట రెండు భాషల్లో వేర్వేరు పొడవుల్లో పలుకుతుంది. అయినా సంఖ్యను మార్చలేదు. బుడగలకు ఒక రంగు చేర్చి సరిపెట్టారు. లయకు లొంగిన సంఖ్యలున్నట్టే లయను లొంగదీసుకున్న సంఖ్యలూ ఉన్నాయి.

రెండో అభ్యంతరం: హిట్టయ్యేది స్వరం వల్ల, గాత్రం వల్ల. పేరులో సంఖ్య ఉండడం యాదృచ్ఛికం. సంఖ్య పాటను హిట్ చేస్తుందని చెప్పడానికి ఆధారం లేదన్నది ఒప్పుకోవాలి. సంఖ్య లేని హిట్లే ఎక్కువ. ఇక్కడి వాదన అంతకన్నా పరిమితమైనది: పాట జనంలోకి వెళ్లాక సంఖ్య దాన్ని విడిగా గుర్తుంచుకునేలా చేస్తుంది. సంగీత కంపెనీలే దీన్ని గుర్తించాయి. షీనా ఈస్టన్ 1980లో బ్రిటన్‌లో ‘9 టు 5’ పేరుతో పాడిన వేరే పాటను అమెరికాలో విడుదల చేసేటప్పుడు, డాలీ పార్టన్ పాటతో కలగాపులగం కాకుండా ‘మార్నింగ్ ట్రెయిన్ (నైన్ టు ఫైవ్)’ అని పేరు మార్చారు. 1981లో రెండూ వేర్వేరుగా మొదటి స్థానానికి చేరాయి. సంఖ్యకు ఆనవాలు విలువ లేకపోతే ఆ మార్పు అవసరమయ్యేది కాదు.

మూడో అభ్యంతరం ఒకే సంఖ్య అనేక పాటలకు ఉండడం. నిల్సన్, మెటాలికా, యూ2 ముగ్గురికీ ‘వన్’ ఉంది. అమెరికా చట్టంలో పాట పేరుకు కాపీరైట్ రక్షణ లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఆపలేరు. ఇది వాదనకు హద్దు చూపే ఉదాహరణ. చిన్న, అతి సాధారణమైన సంఖ్య ఆనవాలుగా బలహీనం. సంఖ్య పెద్దదైనా, విచిత్రమైనా, ఒక వస్తువుకు కట్టుబడినా బలం పెరుగుతుంది. 867-5309 మరో పాటను తలపించదు.

భారతీయ సినిమా పాటలు

హిందీ, తెలుగు సినిమా పాటలకు సాధారణంగా విడిగా పేరు పెట్టరు. పల్లవి మొదటి మాటలే పాట పేరుగా చలామణి అవుతాయి. అందువల్ల సంఖ్య పేరులోకి రావాలంటే పల్లవి ఎత్తుగడలోనే ఉండాలి. ‘పెళ్ళి చేసి చూడు’ (1952)లోని ‘ఏడుకొండలవాడ’లో సంఖ్య తిరుమల దైవం పేరులో భాగం. కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978)లో ఆత్రేయ రాయగా ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరచిన ‘పదహారేళ్లకు’లో పదహారు ప్రాయపు గడప. చక్ బెర్రీ, శామ్ కుక్ పాటల్లోని వయసే అది. బాలచందరే ఆ సినిమాను హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ (1981)గా తీసినప్పుడు, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ స్వరపరచిన ‘సోలహ్ బరస్ కీ’లో సంఖ్య అలాగే నిలిచింది. అదే సంగీత దర్శకులు ‘తేజాబ్’ (1988)కు చేసిన ‘ఏక్ దో తీన్’ను జావేద్ అఖ్తర్ రాయగా అల్కా యాజ్ఞిక్ పాడారు. అందులో పల్లవి పదమూడు దాకా లెక్కపెడుతుంది, చరణాలు ఆ తర్వాతి తేదీలను పట్టుకుని ఎదురుచూపును చెబుతాయి. లెక్కింపు పాట, క్యాలెండరు పాట రెండూ ఇందులో కలిశాయి.

సంఖ్య జారిపోయిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికా జానపద ధోరణిలో హెడీ వెస్ట్ పేరుతో నమోదైన, ప్రొక్లెయిమర్స్ పాటకు భిన్నమైన ‘500 మైల్స్’ స్వరం ఆధారంగా ‘జుర్మ్’ (1990) సినిమాలో ‘జబ్ కోయీ బాత్’ వచ్చింది. ఇల్లు విడిచి దూరమైనవారి వేదన, కష్టంలో తోడుండమనే కోరికగా మారింది. దూరం విషయం కానప్పుడు మైళ్లకు పని లేకపోయింది. అర్థం పోయినచోట సంఖ్యా పోయిందన్నది శబ్దమే సర్వస్వమనే అభ్యంతరానికి మరో సమాధానం.

సూచికల్లో సంఖ్యల పేర్లు

సంఖ్య ఉన్న పేర్లు గ్రంథాలయాలకు, రేడియో స్టేషన్లకు, పాటల యాప్‌లకు ఒక చిక్కు తెస్తాయి. ‘19’ను అంకెల వరసలో పెట్టాలా, పలికే మాట మొదటి అక్షరం కింద పెట్టాలా అన్న దానిపై పద్ధతులు వేరు. పార్టన్ పాటను అంకెల్లోనూ అక్షరాల్లోనూ వెతికేవారుంటారు. అంకెల రూపాన్ని, అక్షరాల రూపాన్ని ఒకదానికొకటి జతచేసి నమోదు చేయడమే దీనికి సరైన పరిష్కారం. తెలుగు పాటల సూచికలు తయారుచేసేవారు ‘పదహారేళ్లకు’, ‘16’ రెంటి కిందా పాట దొరికేలా చూడడం అవసరం.

ప్రాముఖ్యం

సంఖ్య ఉన్న పాటల పేర్లు సామాజిక చరిత్రకు ఉపయోగపడే ఆధారాలు. ఫోన్ నంబర్ల పేర్లు టెలిఫోన్ వ్యవస్థ మార్పును, కార్లు, రోడ్ల పేర్లు మోటారు యుగాన్ని, పనివేళల పేరు ఆఫీసు జీవితాన్ని, వయసుల పేర్లు యువత మార్కెట్‌ను నమోదు చేశాయి. రూట్ 66 జాతీయ రహదారి హోదా 1985లో రద్దయింది. ‘రూట్ 66’ పాటను మాత్రం గాయకులు నేటికీ పాడుతున్నారు.